పద్దెనిమిదేళ్ళు నిండిన యతీమ్ బిడ్డ ఆరోగ్యం ఎవరి బాధ్యత?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



యతీమ్ పిల్లల ఆరోగ్యాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. తిండి, శుభ్రత, టీకాలు అంటూ చెప్పుకుపోతే సభ సుఖంగానే ముగుస్తుంది. కాని చాలా సంవత్సరాలు ప్రభుత్వాసుపత్రిలో పనిచేసినవాణ్ణి గనుక, నాకు ఎక్కువ ఆందోళన కలిగించే సంగతినే మీ ముందుంచదలచాను. యతీంఖానాలో ఉన్నన్నాళ్ళూ బిడ్డకు జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకువెళ్ళే మనిషి ఒకరుంటారు. 18 ఏళ్ళు నిండి, పెట్టె సర్దుకుని గేటు దాటిన మర్నాడు జ్వరం వస్తే ఎవరున్నారు? ఈ ఒక్క ప్రశ్నకు మన సంఘం జవాబు చెప్పుకోవాలని నా మనవి.

అనాథలను ఆదుకోవడంలో మన ప్రాంతం వెనుకబడి లేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లో విక్టోరియా మెమోరియల్ హోం వెలసింది. నాంపల్లిలోని అనీస్-ఉల్-గుర్బా పేరు వినని హైదరాబాదీ ఉండడు. జిల్లాలలోనూ చిన్నా పెద్దా యతీంఖానాలు ఎన్నో ఉన్నాయి. రంజాన్ నెలలో మనవాళ్ళు జకాత్, సదఖా తీసి వీటికి ధారాళంగా ఇస్తారు. చిన్నపిల్లవాడి ముఖం చూస్తే ఎవరికైనా చెయ్యి జేబులోకి వెళుతుంది. మీసాలు వచ్చిన కుర్రవాణ్ణి చూస్తే మాత్రం, "ఇంత ఎదిగావు, పని చేసుకోరాదా?" అంటాం. అక్కడే మన దయకు హద్దు పడుతున్నది.

ముందుగా మాటల అర్థం తేల్చుకుందాం. మనలో చాలామంది దత్తత, పెంపకం రెండూ ఒకటే అనుకుంటారు. దత్తత అంటే బిడ్డ చట్టరీత్యా ఆ ఇంటి బిడ్డ కావడం. ఫోస్టర్ కేర్ అంటే బిడ్డ వంశం, తండ్రి పేరు అలాగే ఉండగా, ఒక కుటుంబం కొంతకాలం తన ఇంట ఉంచుకుని పెంచడం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 44వ సెక్షన్ దీనిని గూర్చే చెబుతున్నది. బిడ్డ చదువు, ఆరోగ్యం, పోషణ ఆ పెంపక కుటుంబం బాధ్యత. బిడ్డ ఎలా ఉన్నదో బాలల సంక్షేమ కమిటీ నెలనెలా చూడాలి. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దంపతులకే ఈ అవకాశం ఉండేది. 2024లో వాటిని సవరించి, ఒంటరిగా ఉన్నవారికీ కొన్ని షరతులతో అవకాశం కల్పించారు.

దత్తత విషయంలో మన షరీఅత్ వైఖరి మీకు తెలిసినదే. బిడ్డను పెంచవచ్చు, ప్రేమించవచ్చు. కన్నతండ్రి పేరు మాత్రం చెరపరాదు. 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు, ఏ మతం వారైనా జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చుననీ, అలా తీసుకోదలచనివారికి వారి వ్యక్తిగత చట్టమే వర్తిస్తుందనీ చెప్పింది. కనుక ఆ చర్చలోకి నేను వెళ్ళను. ఫోస్టర్ కేర్‌లో మాత్రం వంశం మార్చడమనే ప్రసక్తే లేదు. మన సంప్రదాయంలో కఫాలత్ అని దేన్నంటామో దానికి ఇది చాలా దగ్గర. పర్దా, మహరమ్ వంటి సందేహాలున్నవారు ఉలమాలను అడిగి తీర్చుకోవచ్చు. "మనకు కుదరదు" అని వినకుండానే తలుపు వేసుకోవడం మాత్రం తగదు.

మహాప్రవక్త ముహమ్మద్ (స) గారి బాల్యం తలచుకోండి. తండ్రి పుట్టకముందే పోయారు. పసితనంలో హలీమా సాదియా గారి ఇంట పెరిగారు. ఆరేళ్ళ వయసులో తల్లి, ఎనిమిదేళ్ళ వయసులో తాత దూరమయ్యారు. అప్పుడు తండ్రి సోదరుడు అబూతాలిబ్ దగ్గరకు తీశారు. ఆయన ఎన్నాళ్ళు తోడున్నారు? పిల్లవాడు యువకుడై, వర్తకుడై, భార్యాబిడ్డలు కలిగి, యాభై ఏళ్ళ వయసు వచ్చేవరకు, అంటే తాను కన్నుమూసేవరకు అండగా నిలిచారు. నీకు వయసు వచ్చింది, ఇక నీ దారి నీదే అనలేదు. దివ్య ఖురాన్ నిసా అధ్యాయంలో అనాథల ఆస్తి అప్పగింతను గూర్చి వచ్చిన ఆదేశంలోనూ వయసు ఒక్కటే కొలబద్ద కాదు. వివేకం వచ్చిందో లేదో పరీక్షించి చూడాలి. అప్పగించేటప్పుడు సాక్షులుండాలి. పొలాన్ని, సొమ్మును అప్పగించడానికే ఇంత జాగ్రత్త చెబితే, ఆ బిడ్డ ప్రాణాన్ని ఆ బిడ్డ చేతికే అప్పగించేటప్పుడు ఇంకెంత జాగ్రత్త కావాలి!

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతులకు వస్తాను.

యతీంఖానా పిల్లలలో వైద్యుడికి కనబడే జబ్బులు కొత్తవి కావు. రక్తహీనత, గజ్జి, నులిపురుగులు, పిప్పిపళ్ళు, చెవిలో చీము, చూపు మందగించడం, సగంలో ఆగిన టీకాలు. వీటిలో చాలావాటికి ఖర్చు తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ కావాలి. గజ్జి సంగతే తీసుకోండి. ఒక పిల్లవాడికి మందు రాసి ఊరుకుంటే పక్కవాడి దగ్గరనుండి వారంలో మళ్ళీ వస్తుంది. ఆ గదిలో ఉన్నవారందరూ ఒకే రాత్రి మెడనుండి అరికాలివరకు మందు రాసుకోవాలి, దుప్పట్లు వేడినీటిలో ఉతికి ఎండలో వేయాలి, వారం తరువాత మరోసారి రాసుకోవాలి. అప్పుడు పోతుంది. ఆడపిల్లకు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాం. మనిషి తెల్లబడింది అని పెద్దవాళ్ళు మురిసిపోయే పిల్లకు చాలాసార్లు ఉన్నది అదే. కిశోరులకు వారానికి ఒక ఇనుము మాత్ర, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర, 10వ ఏట, 16వ ఏట ధనుర్వాతం, కంఠసర్పి టీకా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు వచ్చి 18 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షిస్తాయి. మీ సంస్థకు ఆ బృందం రాకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అడగండి. అడగడం నామోషీ కాదు.

మనసు సంగతి కూడా చెప్పాలి. తండ్రి పోయిన బిడ్డ రాత్రి పక్క తడిపితే అది అల్లరి కాదు. పది మందిలో నవ్వులపాలు చేసినా, కొట్టినా అది తగ్గదు, పెరుగుతుంది. పాఠం మీద ధ్యాస లేకపోవడం, మాట్లాడకపోవడం, అయినదానికీ కానిదానికీ కొట్లాటకు దిగడం, ఇవన్నీ దుఃఖం వేసుకునే వేషాలు. 2022లో ప్రారంభమైన టెలి-మానస్ అనే ప్రభుత్వ సేవ ఉన్నది. 14416 నంబరుకు ఫోను చేస్తే మన భాషలోనే ఉచితంగా మానసిక సలహా ఇస్తారు. ఆ నంబరును ప్రతి హాస్టలు గోడ మీద రాయించండి.

వీటన్నిటికంటె పెద్ద కొరత ఒకటున్నది. మనం వైద్యుడి దగ్గరకు పోతే ఆయన మొదట అడిగేదేమిటి? "మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉన్నదా? టి.బి. ఉండేదా? మూర్ఛ ఉండేదా?" మనం అమ్మను అడిగి చెబుతాం. యతీమ్ బిడ్డ ఎవరిని అడగాలి? తండ్రి ఏ జబ్బుతో పోయాడో ఆ బిడ్డకు తెలియదు. చిన్నప్పుడు ఏ టీకాలు వేశారో, ఏ మందు పడదో, రక్తం గ్రూపు ఏమిటో తెలియదు. బిడ్డను చేర్పించిన రోజున వెంట వచ్చిన మేనమామకో, అమ్మమ్మకో తెలిసి ఉంటుంది. ఆ రోజున అడిగి కాగితం మీద పెట్టకపోతే తరువాత చెప్పేవారుండరు. నెలనెలా వైద్యపరీక్ష చేయించి ప్రతి బిడ్డకూ ఆరోగ్య రికార్డు ఉంచాలని 2016 నాటి జువెనైల్ జస్టిస్ నియమావళి చెబుతున్నది. చాలాచోట్ల ఆ రికార్డును తనిఖీకి వచ్చే అధికారి కోసం రాస్తారు. అది ఆ బిడ్డ కోసం రాయవలసినది.

ఇప్పుడు ఒక కుర్రవాణ్ణి ఊహించుకుందాం. పదేళ్ళ వయసునుండి మూర్ఛకు రెండుపూటలా మాత్ర వేసుకుంటున్నాడు. వార్డెను చేతికిచ్చేవాడు, వీడు మింగేవాడు. మాత్ర పేరు వీడికి తెలియదు. ఇంటర్ అయింది, 18 నిండాయి, పొరుగు పట్నంలో లేత్ మిషన్ల షెడ్డులో పని దొరికింది. అందరూ సంతోషించారు. వెంట ఇచ్చిన మాత్రలు అయిపోయాయి. చాలాకాలంగా ఫిట్స్ రాలేదు గనుక జబ్బు పోయిందనుకున్నాడు. మూర్ఛ మందును అలా హఠాత్తుగా మానరాదు; మానితే తిరగబెడుతుంది, అదీ మునుపటికంటె తీవ్రంగా రావచ్చు. ఈసారి ఫిట్స్ వచ్చినప్పుడు పక్కన పరుపు ఉండదు, తిరిగే మిషను ఉంటుంది. ఎనిమిదేళ్ళు మనం పెట్టిన అన్నం, చెప్పిన చదువు ఒక చీటీ లేక, ఒక మాట చెప్పేవారు లేక మట్టిపాలు కావాలా?

ఆడపిల్లల విషయం ఇంకా సున్నితమైనది. 18 నిండగానే సంబంధం చూసి, సంఘం తరఫున నిఖా జరిపించి, సామాను ఇచ్చి పంపితే మన బాధ్యత తీరిందనుకుంటాం. పెళ్ళి చేయడం పుణ్యమే, కాదనను. కాని తొందరపడి చేసే పెళ్ళి సంరక్షణకు బదులు కాదు. ఎనిమిది గ్రాముల రక్తంతో ఉన్న పిల్లను అత్తవారింటికి పంపితే ఏడాది తిరగకముందే ప్రసవం ఆ పిల్ల ప్రాణం మీదికి వస్తుంది. సంబంధం మాట్లాడేముందు రక్తపరీక్ష, అందులో తలసీమియా పరీక్ష కూడా, వరుడికీ వధువుకీ చేయించండి. ఇద్దరూ ఆ లక్షణం మోసేవారైతే పుట్టే బిడ్డలకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పుట్టిల్లు లేని పిల్ల కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటుంది? ఆ పుట్టిల్లు మన సంఘమే కావాలి.

చట్టం ఏం చెబుతున్నదో చూద్దాం. సంస్థనుండి బయటికి వచ్చే యువతకు ఆర్థిక సహాయం "ఇవ్వవచ్చు" అన్నది 46వ సెక్షన్. "ఇవ్వవలసినదే" అనలేదు. కనుక అడిగేవారికి అందుతుంది, అడగనివారికి అందదు. దీనినే అనంతర సంరక్షణ అంటారు. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో 21 ఏళ్ళవరకు, ప్రత్యేక పరిస్థితులలో మరి రెండేళ్ళు ఇది కొనసాగవచ్చు. ఆరెనిమిది మంది కలిసి ఉండే వసతి, శిక్షణ కాలంలో స్టైపెండు, పై చదువుకు సహాయం, సలహాదారు, స్వయం ఉపాధికి రుణం, ఇవన్నీ నియమావళిలో ఉన్నాయి. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు దీనికి నెలకు 4,000 రూపాయలు నిర్ణయించాయి. జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా దరఖాస్తు చేయాలి.

ఇక్కడొక మెలిక ఉన్నది, దయచేసి గమనించండి. ఇది రావాలంటే బిడ్డ కమిటీ లెక్కలో ఉండాలి. 41వ సెక్షన్ కింద రిజిస్టరు కాని యతీంఖానాలో పెరిగిన బిడ్డ ఏ లెక్కలోనూ ఉండదు. అన్నం పెట్టాం, చదువు చెప్పాం, పైవాడు చూస్తున్నాడు, రిజిస్ట్రేషన్ ఎందుకు అనే పెద్దలున్నారు. వారి నిజాయితీని నేను శంకించను. కాని ఆ కాగితం లేకపోవడం వల్ల నష్టపోయేది సంస్థ కాదు, 18 ఏళ్ళ బిడ్డ.

మరో మాట. మన పరిభాషలో యతీమ్ అంటే తండ్రి పోయిన బిడ్డ. కనుక మన యతీంఖానాలలో తల్లులున్న పిల్లలు చాలామంది ఉంటారు. పేదరికమే వారిని తల్లి ఒడినుండి తెచ్చింది. మిషన్ వాత్సల్యలోనే స్పాన్సర్‌షిప్ అని ఉన్నది. ఆదాయ పరిమితికి లోబడిన వితంతు తల్లి బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు, బిడ్డ తల్లి దగ్గరే పెరగవచ్చు. తల్లి దగ్గర పెరిగిన బిడ్డ 18 నిండాక ఎక్కడికీ పోనక్కరలేదు. కొత్తగా బిడ్డను చేర్చుకునేముందు ఈ దారి చూశామా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

ఆరోగ్య కార్డు సమస్య వేరే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, కేంద్రపు ఆయుష్మాన్ భారత్, అన్నీ సాధారణంగా కుటుంబాన్ని బట్టి నడిచేవి. కుటుంబమే లేని కుర్రవాడు ఏ రేషన్ కార్డులో పేరు చూపాలి? కోవిడ్‌లో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు 2021లో పి.ఎం. కేర్స్ పథకం పెట్టినప్పుడు 5 లక్షల రూపాయల ఆరోగ్య బీమా, 23 ఏళ్ళవరకు ఆసరా ఇచ్చారు. అంటే 18తో ఆపరాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లు. మరి క్షయతోనో, రోడ్డు ప్రమాదంలోనో తండ్రి పోయిన బిడ్డ చేసిన తప్పేమిటి? ఆ సదుపాయం అందరికీ ఇమ్మని మనం విజ్ఞాపన పంపాలి. అమెరికాలో ఫోస్టర్ కేర్‌లో ఉంటూ 18 నిండినవారికి 2014నుండి 26 ఏళ్ళవరకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య సహాయం అందుతున్నది. ఎందుకు 26? అక్కడ మామూలు ఇళ్ళ పిల్లలు ఆ వయసువరకు తల్లిదండ్రుల బీమాలో ఉండవచ్చు. తల్లిదండ్రులు లేనివాడికి ప్రభుత్వమే ఆ స్థానంలో నిలవాలన్నది అందులోని న్యాయం. దేశం వేరైనా న్యాయం ఒకటే.

విమర్శించి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. మన శక్తిలో ఉన్న పనులు కొన్ని విన్నవిస్తాను.

ఒకటి: ప్రతి బిడ్డకూ ఒక ఆరోగ్య పుస్తకం. అందులో రక్తం గ్రూపు, టీకాలు, వచ్చిన జబ్బులు, పడని మందులు, తల్లిదండ్రుల మరణకారణం ఉండాలి. బయటికి పోయే రోజున అసలు బిడ్డ చేతికి, నకలు సంస్థ బీరువాలో.

రెండు: తయారీ 18వ ఏట కాదు, 15వ ఏటనే మొదలు కావాలి. ఆసుపత్రిలో ఓ.పి. చీటీ తానే తీసుకోవడం, తన మందు పేరు తానే చెప్పడం, మాత్రలు అయిపోకముందే తెచ్చుకోవడం నేర్పాలి. వార్డెను పక్కన నిలబడాలి, మాట్లాడేది బిడ్డ కావాలి.

మూడు: దీర్ఘకాలిక జబ్బు ఉన్న బిడ్డను పంపేటప్పుడు మూడు నెలల మందులు, పోయే ఊరిలోని వైద్యుడికి ఒక ఉత్తరం ఇవ్వాలి. పనిలో చేరేచోట ఇ.ఎస్.ఐ. ఉన్నదా అని మనమే అడగాలి. పది మందికి తగ్గకుండా పనిచేసే చాలా సంస్థలకు అది వర్తిస్తుంది.

నాలుగు: ప్రతి యువకుడికీ, యువతికీ ఒక సర్పరస్త్ కుటుంబం. డబ్బు ఇవ్వనక్కరలేదు. ఈద్‌నాడు పిలిచి సేమ్యా పెట్టాలి, నెలకొకసారి ఫోను చేసి "ఆరోగ్యం ఎలా ఉంది బేటా?" అనాలి. ఆసుపత్రిలో చేరితే దగ్గరివారు ఎవరు అన్నచోట రాయడానికి ఒక పేరుండాలి.

ఐదు: సంఘం వైద్య నిధిలో కొంత భాగం 18నుండి 23 ఏళ్ళవారికి విడిగా ఉంచాలి. యుక్తవయసు వచ్చినంత మాత్రాన పేదవాడు జకాత్‌కు అనర్హుడు కాడు.

ఆరు: మన పరిధిలోని యతీంఖానాల రిజిస్ట్రేషన్, ఆధార్, జనన ధ్రువపత్రాల పని చూడడానికి ఇద్దరు కార్యకర్తలను, వీలైతే ఒక న్యాయవాదిని నియమించాలి.

ఈ ఆరింటిలో మొదటిదానికి అయ్యే ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను. నాల్గవదానికి ఖర్చే లేదు. ఈ సభలో ఉన్న కుటుంబాలలో సగం ముందుకు వచ్చినా, ఈ సంవత్సరం మన సంస్థలనుండి బయటికి వెళ్ళే పిల్లలలో ఒక్కరు కూడా దిక్కులేనివారుగా మిగలరు. సభ ముగిసిన తరువాత కార్యదర్శిగారి బల్ల దగ్గర ఒక రిజిస్టరు ఉంచమని కోరాను. భోజనాలకు కూర్చునేముందే దయచేసి మీ పేరు, ఫోను నంబరు రాయండి.

 అల్లాహ్ మన పనిని స్వీకరించుగాక. ఆమీన్. సెలవు.